సాంతోరిని ద్రాక్ష: నీరులేని నేల, నిండిన గ్లాసు

గ్రీసు దేశపు సాంతోరిని ద్వీపంలో మధ్యాహ్నపు ఎండ కొంత వాలిన తరువాత చిన్న వ్యానులు బయలుదేరుతాయి. ఒక్కొక్క దానిలో పది పన్నెండు మందికి మించి ఉండరు. నాలుగైదు గంటలలో రెండు మూడు వైను తయారీ కేంద్రాలు చూపి, రకరకాల వైనులను రుచి చూపించి, నడుమ సముద్రతీరాన కొంతసేపు ఆపి, సూర్యాస్తమయానికి కొండ అంచుకు చేర్చడం ఈ యాత్రల పద్ధతి. సేద్యం ఎరిగినవారికి మొదటి ఆశ్చర్యం వ్యాను కిటికీలో నుండే ఎదురవుతుంది.

పందిరి లేదు, స్తంభం లేదు, ఇనుప తీగ లేదు. బూడిద రంగు నేల మీద పక్షిగూళ్ల వలె ద్రాక్ష తీగలు చుట్టలు చుట్టుకొని ఉంటాయి. స్థానికులు ఈ పద్ధతిని కులూర అంటారు. శీతాకాలపు కత్తిరింపుల సమయంలో కొత్త కొమ్మలను పాత చుట్టపై బుట్ట అల్లినట్లు అల్లుతారు. గుత్తులు బుట్ట లోపలి వైపున పెరుగుతాయి. వేసవిలో ఉత్తరం నుండి వీచే మెల్తెమి గాలి ఎగజల్లే ఇసుక నుండి, మండుటెండ నుండి తీగే వాటిని కాపాడుతుంది. డెబ్బై, ఎనభై ఏండ్లకు చుట్ట మరీ పెద్దదై పోషకాలు గుత్తులకు చేరడం కష్టమైనప్పుడు దానిని మొదలుకంటా కోసివేస్తారు. అదే వేరు నుండి కొత్త చిగురు లేస్తుంది. అందువలన కొన్ని తోటల వేళ్ల వయస్సును శతాబ్దాలలో లెక్కించవలసి వస్తుంది.

ఇక్కడి సగటు వార్షిక వర్షపాతం 300 నుండి 400 మి.మీ. మాత్రమే. అనంతపురం జిల్లా సగటు సుమారు 550 మి.మీ. అన్నది గుర్తుంచుకుంటే ఈ అంకె తీవ్రత బోధపడుతుంది. పైగా మన మెట్ట పైరుకు వానలు పంటకాలంలోనే పడతాయి. అక్కడ తీగ నిద్రలో ఉన్న శీతాకాలంలో కురిసి, కాపు కాలమంతా ఆకాశం పొడిగా ఉంటుంది. నేలలో దాగిన తేమతో, రాత్రివేళ సముద్రం మీద నుండి వచ్చే మంచుతో తీగ నెట్టుకురావాలి. మొక్కల మధ్య రెండు మీటర్లకు పైగా ఎడం ఉంచడానికి కారణం ఇదే.

ఆ తేమ ఎక్కడ దాగుతుందో యాత్రలోని సముద్రతీర విడిదిలో కంటికి కనిపిస్తుంది. దక్షిణ తీరాన వ్లిహాద వద్ద ముదురు రంగు ఇసుక వెనుక, గాలి చెక్కిన తెల్లని గోడలు నిలువుగా లేచి ఉంటాయి. యాత్రికులు వాటి ముందు ఫోటోలు దిగుతారు. నిజానికి అది ప్రకృతి తీసిపెట్టిన నేల పరిచ్ఛేదం. సుమారు 3,600 ఏండ్ల క్రితం అగ్నిపర్వతం పేలినప్పుడు పేరుకున్న బూడిద, ప్యూమిస్ అనే రంధ్రాల రాయి పొరలవి. ఈ రాయి నీటిని పీల్చి నెమ్మదిగా విడుస్తుంది. నేలలో బంకమన్ను, సేంద్రియ పదార్థం అత్యల్పం. పందొమ్మిదవ శతాబ్దంలో యూరపు ద్రాక్షతోటలను నాశనం చేసిన ఫిల్లాక్సెరా అనే వేరు పేను ఇటువంటి నేలలో బతకలేదు. కనుక ఇక్కడి తీగలు అంటు లేకుండా సొంత వేళ్లపైనే నిలిచాయి.

అదే తీరంలో ఒక పాత టమాటా కర్మాగారం ఉన్నది. నీరు పెట్టకుండా పండే చిన్న టమాటాకు ఈ ద్వీపం ప్రసిద్ధి. ఆ కర్మాగారం నేడు ప్రదర్శనశాల.

రుచి చూపే బల్ల వద్ద ప్రధాన స్థానం అసిర్టికో అనే తెల్లద్రాక్షది. పండు పూర్తిగా పక్వమైనా, ఎంత వేడిలోనైనా ఆమ్లత నిలుపుకోవడం దీని విశిష్టత. ఉష్ణప్రాంత ద్రాక్షకు ఇది అరుదైన గుణం. చివరగా ఇచ్చే తీపి వైను విన్సాంతో. కోసిన గుత్తులను రెండు వారాల పాటు ఎండలో ఆరబెట్టి దీనిని చేస్తారు. అందులో కనీసం 51 శాతం అసిర్టికో ఉండాలన్నది నిబంధన.

గ్లాసును మెచ్చుకునే యాత్రికునికి ఎవరూ చెప్పని లెక్క ఒకటున్నది. ద్వీపంలో సాగుకు అనువైన నేల స్వల్పం. ఆ యాత్రికుడు బస చేసే విల్లాకు, ఈతకొలనుకు కావలసినదీ ఆ నేలే. ఎకరం ద్రాక్ష ఏండ్ల తరబడి ఇచ్చే రాబడి కంటే స్థలంగా అమ్మితే ఒక్కసారిగా వచ్చే సొమ్ము ఎక్కువ. అనాబ్-ఎ-షాహీ పందిళ్లతో పేరొందిన హైదరాబాదు శివారు తోటలు నివాస స్థలాలైన తీరు ఎరిగినవారికి దీనిని వివరించనక్కరలేదు. వేడిమి, వర్షాభావం వలన 2023, 2024 సంవత్సరాలలో దిగుబడి తీవ్రంగా పడిపోయింది. కొన్ని తోటలలో బిందుసేద్యం ప్రవేశించింది. అయితే బుట్ట అల్లగల చేతులకు బదులుగా పెట్టగల యంత్రం లేదు. ఆ పని నేర్చుకునే యువకులు తక్కువ.

ద్రాక్ష కోత ఆగస్టులో వస్తుంది. హోటళ్లకు పనివారు అత్యధికంగా కావలసిన నెల కూడా అదే.