జెఫర్సన్ – లెమెన్ రహస్య ఒడంబడిక: కథ ఎంత, చరిత్ర ఎంత?

మహాపురుషుని పేరు తోడైతే సామాన్యుల సాహసానికి విలువ పెరుగుతుందని లోకం తలుస్తుంది. కాని ఒక్కొక్కప్పుడు ఆ పేరే వారి సాహసాన్ని మరుగుపరుస్తుంది. అమెరికాలోని లెమెన్ కుటుంబ చరిత్ర ఇందుకు నిదర్శనం.

జేమ్స్ లెమెన్ 1760లో వర్జీనియాలో జన్మించాడు. స్వాతంత్ర్య సమరంలో సైనికుడుగా పనిచేసి, 1786లో కుటుంబంతో పశ్చిమానికి తరలి, నేటి ఇల్లినాయ్ రాష్ట్రంలోని న్యూ డిజైన్ అనే పల్లెలో స్థిరపడ్డాడు. 1787లో ఒహాయో నదికి ఉత్తరానగల ఆ భూభాగంలో బానిసత్వాన్ని నిషేధిస్తూ శాసనం వెలువడింది. అయినా అప్పటికే అక్కడ బానిసలుగా ఉన్నవారికి విముక్తి కలుగలేదు. నిషేధాన్ని సడలించమని అర్జీలు కూడా వెళ్ళాయి. బాప్టిస్టు బోధకుడైన లెమెన్ బానిసత్వాన్ని సహించే సహమతస్థులతో తెగతెంపులు చేసుకొన్నాడు. 1809లో ఆయన, ఆయన కుటుంబీకులు బెతెల్ చర్చిని నెలకొల్పారు.

లెమెన్ మరణించిన చాలాకాలం తరువాత, ఆయన వంశీయుల వద్దనుండి కొన్ని లేఖల నకళ్ళు బయటికి వచ్చాయి. 1784లో థామస్ జెఫర్సన్ లెమెన్‌తో రహస్యంగా ఒడంబడిక చేసుకొని, పశ్చిమాన బానిసత్వం వేరూనకుండా చూడమని పంపాడట. చర్చికి ధనసహాయమూ చేశాడట. 1915లో ఇవి చికాగోలో గ్రంథంగా అచ్చయ్యాయి.

ఈ కథను నమ్మవచ్చునా? పశ్చిమ భూములలో 1800 తరువాత బానిసత్వం ఉండరాదని 1784లో జెఫర్సన్ ప్రతిపాదించిన మాట నిజం. ఒక్క వోటు కొరవడి ఆ ప్రతిపాదన వీగిపోయింది. కథకు ఆధారంగా కనిపించేది ఇంతమాత్రమే. ఒడంబడిక మూలపత్రాలు ఏనాడూ చరిత్రకారుల కంటబడలేదు. ఉత్తరాల పట్టికను సైతం భద్రపరచుకొన్న జెఫర్సన్ కాగితాలలో దాని ఊసు లేదు. అందుచేతనే ఇది కల్పితమని పరిశోధకులు భావిస్తున్నారు.

నిజంగా దొరికే ఉత్తరం వేరే ఉంది. ఎడ్వర్డ్ కోల్స్ అనే వర్జీనియా యువకుడు బానిస విముక్తికి నాయకత్వం వహించమని 1814లో జెఫర్సన్‌ను అర్థించాడు. వృద్ధుడనైనాననీ, అది యువకుల పని అనీ ఆయన జవాబు వ్రాశాడు. తన జీవితకాలంలో ఆరువందలకు పైగా మనుషులను బానిసలుగా ఉంచుకొన్నవాడాయన. కోల్స్ మాత్రం 1819లో తన బానిసలను ఇల్లినాయ్ తీసికొనిపోయి స్వేచ్ఛ ప్రసాదించాడు. 1822లో ఆ రాష్ట్రానికి గవర్నరుగా ఎన్నికయ్యాడు. బానిసత్వానికి దారితీసే రాజ్యాంగ సభ కావాలా అని 1824లో ప్రజలను అడిగినప్పుడు, 4,972 మంది కావాలన్నారు. 6,640 మంది వద్దన్నారు.

రహస్య ఒడంబడిక కథను అంగీకరిస్తే లెమెన్ మరొకరి పంపున వెళ్ళిన దూతగా మిగిలిపోతాడు. దానిని తొలగిస్తే, తన అంతరాత్మ చెప్పిన మాటకోసం సొంత మతసమాజాన్నే విడిచిన రైతు కనిపిస్తాడు. వంశగాథలు ఏ ఇంటనైనా ఉంటాయి. మూలపత్రమేదీ అని అడగడం పూర్వులను అవమానించడం కాదు. వారు నిజంగా చేసిన పనిని వారికే దక్కనీయడం.