ఫ్రిక్షన్ వేరు, ట్రాక్షన్ వేరు

చలికాలం వస్తోందంటే ఇక్కడ మిషిగన్‌లో మనవాళ్ళు నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "ఆల్ వీల్ డ్రైవ్ బండి కొంటే స్నోలో ఇక భయం లేదు కదా?" నేను చేసేది సాఫ్ట్‌వేర్ పని. కంప్యూటర్లు తెలిసినవాడికి కార్లు కూడా తెలుస్తాయని మనవాళ్ళకో నమ్మకం! సరే, జవాబు మాత్రం రెండు ఇంగ్లీషు మాటల మధ్య తేడాలో ఉంది.

ఫ్రిక్షన్ అంటే మనం బడిలో చదువుకున్న ఘర్షణే. 'రుద్దడం' అనే లాటిన్ మాట నుంచి వచ్చింది. ఒకదానికొకటి ఆనుకున్న రెండు తలాలు జారకుండా అడ్డుపడే బలం అది. ట్రాక్షన్‌కి మూలం 'లాగడం'; ట్రాక్టరు కూడా ఆ ఇంటి పిల్లే. బండిని కదిలించడానికి చక్రానికి నేలమీద దొరికే పట్టు ట్రాక్షన్. తారు రోడ్డు మీద ఆ పట్టు ఘర్షణ వల్లే వస్తుంది కనుక రెండూ ఒకటే అనిపిస్తాయి. కానీ వరిచేలో దమ్ము చేసే ట్రాక్టరును గుర్తు తెచ్చుకోండి. బురదలో రబ్బరు టైర్లు ఊరికే తిరుగుతాయని ఇనుప చక్రాలు తగిలిస్తారు. వాటి పలకలు బురదలో దిగి మట్టిని వెనక్కి నెడతాయి. ఘర్షణ అంతంతమాత్రమే, అయినా ట్రాక్షన్ దొరికింది.

ఇప్పుడు మన కారు సంగతి. ఆల్ వీల్ డ్రైవ్ ఇంజను బలాన్ని రెండు చక్రాలకు బదులు నాలుగింటికీ పంచుతుంది. అంటే పెంచేది ట్రాక్షన్‌ని. స్నోలో కూరుకున్న డ్రైవ్‌వే నుంచి సులువుగా బయటపడతారు. కానీ ఆగాలంటే? బ్రేకులు మామూలు కారుకి కూడా నాలుగు చక్రాలకూ ఉంటాయి. ఆపేది టైరుకీ రోడ్డుకీ మధ్య ఉన్న ఘర్షణ. అది మీరు బండికి ఎంత డబ్బు పోసినా మారదు.

లెక్క చూడండి. గంటకు 30 మైళ్ళ వేగంలో బ్రేకు వేస్తే, ఘర్షణ గుణకం 0.7 ఉండే పొడి రోడ్డు మీద సుమారు 43 అడుగుల్లో ఆగుతారు. గుణకం 0.1 ఉండే ఐసు మీద 300 అడుగులు జారతారు, అంటే ఇక్కడి ఫుట్‌బాల్ మైదానంలో ఒక గోల్ లైన్ నుంచి రెండో దాని దాకా! మామూలు కారు బయల్దేరేటప్పుడే చక్రాలు తిప్పి మిమ్మల్ని హెచ్చరిస్తుంది. ఆల్ వీల్ డ్రైవ్ ఆ హెచ్చరిక లేకుండా హాయిగా 40కి తీసుకెళ్తుంది. నాకు భయం వేసేది అక్కడే.

డాష్‌బోర్డు మీద మెరిసే ట్రాక్షన్ కంట్రోల్ దీపం సంగతీ అంతే. చక్రం జారుతోందని ఇంజను బలం తగ్గిస్తుంది, లేదా ఆ చక్రానికి కాస్త బ్రేకు వేస్తుంది. రోడ్డుకి కొత్త ఘర్షణ తెచ్చిపెట్టదు.

ఘర్షణే పెరగాలంటే మార్చాల్సింది టైర్లు. 45 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే చలి పెరిగితే మామూలు టైర్ల రబ్బరు బిరుసెక్కుతుంది, వింటర్ టైర్లది మెత్తగానే ఉంటుంది. కొంటే నాలుగూ కొనండి. ముందు రెండిటికే వేస్తే మలుపులో కారు వెనక భాగం మీకంటే ముందు వెళ్తానంటుంది.