ఖాళీ కుర్చీకే రిజర్వేషనా?

పాతబస్తీ ఉర్దూ మాధ్యమ ప్రభుత్వ బడుల్లో ఉపాధ్యాయుల కొరత ఎన్ని డీఎస్సీలు జరిగినా తీరడం లేదు. 2017లో 8,792 పోస్టులతో టీఆర్టీ, 2024లో 11,062 పోస్టులతో డీఎస్సీ ప్రకటించారు. రెండుసార్లూ ఉర్దూ పోస్టులు అనేకం మిగిలిపోయాయి. ఎస్సీ, ఎస్టీ రోస్టరు స్థానాలకు ఉర్దూలో చదువుకున్న దళిత, గిరిజన అభ్యర్థులు దాదాపు లేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ముస్లింలకు ఎస్సీ హోదా నిరాకరించింది గనుక, చార్మినార్ పరిసరాల్లోని పాకీపని కులాల ముస్లిం సైతం ఎస్సీ స్థానానికి అర్హుడు కాడు.

ఈ రోగానికి ప్రభుత్వాలు వాడుతూ వచ్చిన మందు విద్యా వాలంటీరు: కొద్దిపాటి గౌరవ వేతనం, విద్యా సంవత్సరం ముగియగానే ఇంటికి. టెట్ లేనివారినీ తాత్కాలికంగా తీసుకుంటే సరిపోతుందన్న సూచన ఆ మందు మోతాదు పెంచడమే. విద్యాహక్కు చట్టం 23(2) సెక్షన్ అర్హతల సడలింపును ఐదేళ్లకు మించనివ్వలేదు. ఇంతకీ ఈ ఏర్పాటుతో లాభపడిందెవరు? దళితుడికి కొలువు రాలేదు, ముస్లిం బిడ్డకు స్థిరమైన గురువు దొరకలేదు. ఖజానాకు మాత్రం జీతం మిగిలింది.

ఎస్సీ, ఎస్టీ వాటాను అదే జిల్లా తెలుగు మాధ్యమ పోస్టులకు, సంఖ్య తగ్గకుండా, మార్చి ఉర్దూ పోస్టులను శాశ్వతంగా భర్తీ చేయవచ్చు. డీ-రిజర్వేషన్ అనగానే దళిత సంఘాలు ఉలిక్కిపడటంలో న్యాయముంది. పోయిన వాటా తిరిగి రాదని వారి భయం. కనుక తెలుగు పోస్టులో నియామకం జరిగాకే ఉర్దూ పోస్టును విడుదల చేయాలి. ఆ క్రమాన్ని జీవోలోనే రాయాలి.