తొక్కితే బండి లాగట్లేదా? ఇంజిన్ లీన్ అవుతోందేమో చూడండి

ఐడిల్‌లో ఇంజిన్ స్మూత్‌గానే ఉంటుంది. లారీని ఓవర్‌టేక్ చేద్దామని తొక్కితే మాత్రం జెర్క్ ఇస్తుంది, పికప్ రాదు. స్కాన్ చేస్తే కోడ్ పీ0171. అంటే గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ. మామూలుగా కిలో పెట్రోల్‌కి 14.7 కిలోల గాలి లెక్క.

చాలామంది మెకానిక్‌లు వెంటనే ఆక్సిజన్ సెన్సార్ మార్చేద్దాం అంటారు. ఆగండి. పాపం అది ఉన్న విషయమే చెప్తోంది. బ్లూటూత్ ఓబీడీ స్కానర్ పెట్టి ఫోన్‌లో ఫ్యూయల్ ట్రిమ్ చూడండి. ఐడిల్‌లో ప్లస్ 20 ఉండి, 2500 ఆర్‌పీఎం దగ్గర తగ్గిపోతే ఎక్కడో వాక్యూమ్ లీక్ ఉన్నట్టు. ఐడిల్‌లో సున్నా దగ్గరుండి, లోడ్ పడేకొద్దీ పెరుగుతుంటే పెట్రోల్ సరిపోవట్లేదు: ఫిల్టర్ జామ్ అయ్యుండాలి, లేదా పంప్ వీక్. ఎయిర్ ఫ్లో సెన్సార్ ఉన్న బండ్లలో దానికి మురికిపట్టినా ఇదే గోల. దాని క్లీనర్ స్ప్రే చవక కాబట్టి ముందు అదే కొట్టి చూడండి. తగ్గకపోతే ఫ్యూయల్ ప్రెషర్ గేజ్ పెట్టించండి, అదీ రోడ్డు మీద, లోడ్‌లో. వీక్ పంప్ అయితే ముల్లు అక్కడే పడిపోతుంది.

ఫోన్ మాత్రం పక్కసీటువాళ్ల చేతికివ్వండి. టకటకమని నాకింగ్ వినిపిస్తే తొక్కడం ఆపేయండి, పిస్టన్ కాలితే ఇంజిన్ మొత్తం విప్పాలి.