కారులో కూర్చుంటే తలనొప్పి ఎందుకు?

ఉక్కు కర్మాగారంలో పనిచేసే ఒక ఉద్యోగి తలనొప్పితో నా వద్దకు వచ్చారు. నలుగురు కలిసి రోజూ ఎం.వి.పి. కాలనీ నుండి ఉక్కునగరానికి కారులో వెళ్తారు. గాజువాక చేరేసరికి తల బరువు, ఆవులింతలు. ఒకనాడు కూర్మన్నపాలెం వద్ద కారు నడుపుతూనే కన్ను మూతపడినదట! శొంఠి లేపనం, పథ్యం చెప్పాను. రెండు వారాలైనా గుణం లేదు. సెలవునాడు మాత్రం బాధ లేదన్నారు. అప్పుడు అనుమానం వచ్చి, ఒక ఉదయం వారి కారులో నేనూ ప్రయాణించాను.

కాన్వెంట్ జంక్షన్ వద్ద ఓడరేవు బొగ్గుధూళికి, లారీల పొగకు జడిసి వారు రీసర్క్యులేషన్ మీట నొక్కారు. గమ్యం చేరేదాకా దానిని తీయలేదు.

సాధారణంగా కారులోకి గాలి ముందు అద్దం కింది జాలీల గుండా ప్రవేశించి, వడపోత దాటి, చల్లబడి లోనికి వస్తుంది. లోపలి గాలి వెనుక రంధ్రాల గుండా వెలుపలికి పోతుంది. ఈ మీట నొక్కినప్పుడు ఒక రేకు తలుపు బయటి దారిని చాలావరకు మూసివేస్తుంది. లోపలి గాలే మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. అందువల్ల త్వరగా చల్లబడుతుంది, ధూళీ తగ్గుతుంది. అయితే మనం విడిచిన బొగ్గుపులుసు వాయువును వడపోత ఆపలేదు. బయటి గాలిలో అది పదిలక్షల పాళ్ళకు సుమారు 420 పాళ్ళు; నలుగురున్న మూసిన కారులో గంటలోపే వేలకు చేరగలదు. మగతకు, తలబరువుకు అది చాలు. ఊపిరిలోని తేమ వల్ల వానాకాలంలో అద్దాలూ మసకబారతాయి.

ధూళి, పొగ శ్వాసరోగ కారణాలని చరకసంహిత చెప్పినది. కనుక వారి భయం తప్పు కాదు. ధూళి ఉన్నచోట మీట నొక్కండి. అది దాటగానే తీసి బయటి గాలిని రానివ్వండి. వడపోతను సకాలంలో మార్పించండి. ఉబ్బసమున్నవారు వాడే మందులు మానరాదు. మూసిన షెడ్డులో ఇంజను నడుస్తుండగా కారులో ఎన్నడూ నిద్రించరాదు. ఆ విషవాయువు వాసన లేకుండానే ప్రాణం తీయగలదు.

నిదాన పరివర్జనమే మొదటి చికిత్స అని గురుకులంలో నేర్చినవాడనే. అయినా కారణం అడుగకముందే లేపనం రాశాను. పది రోజుల తరువాత వారు వచ్చి, మగత రావడం లేదన్నారు. ఈసారి నేను మందు ఏదీ రాయలేదు.