ప్రకృతిదృశ్య చలనచిత్రములు - సామాజికుడు

మన ఆలంకారికులు మహాకావ్యమునకు అష్టాదశ వర్ణనలను విధించిరి. నగర, సముద్ర, శైల, ఋతు వర్ణన లందులోనివే. అయినను రసనిష్పత్తియందు ప్రకృతికి వా రొసగిన స్థానము ప్రధానముగా ఉద్దీపన విభావము. ఆలంబనము నాయికానాయకులు. కథాచిత్రములందును స్థితి యిదియే. పాత్ర లేనిదే కొండకు పని లేదు. ఈ క్రమమును తలక్రిందు చేసి, ప్రకృతినే ఆలంబనముగా గ్రహించిన ప్రయోగాత్మక చలనచిత్రములు కొన్ని గత శతాబ్ది ఉత్తరార్ధమున పాశ్చాత్యదేశములందు వెలసినవి. వాని స్వరూపమును, అవి ప్రేక్షకుని చేరిన మార్గమును ఇచట సంగ్రహముగా పరిశీలింతము.

ఈ చిత్రములందు కథకు మారుగా చిత్రణ నియమమే నిర్మాణసూత్రము. క్రిస్ వెల్స్‌బీ 1974లో వేల్స్ ప్రాంతమున ఒక సెలయేటి చెంత 'సెవెన్ డేస్' అను చిత్రమును తీసెను. ఏడు దినములు పగటివేళ 10 సెకండ్ల కొక ఫ్రేము చొప్పున చిత్రించెను. కెమేరా భూభ్రమణము ననుసరించి తిరుగు పీఠముపై నుండెను. ఎండ కాయునపుడు అది తన నీడవైపును, సూర్యుని మబ్బు కప్పినపుడు ఆకాశమువైపును చూచును. ఏ దృశ్య మెప్పుడు రావలెనో నిర్ణయించినది మబ్బే. ఇచట ప్రకృతి వర్ణ్యవస్తువు మాత్రమే కాదు, కర్తృత్వమునందును భాగస్వామి.

జేమ్స్ బెన్నింగ్ 2004లో తీసిన 'థర్టీన్ లేక్స్' మరియొక మార్గము. అందు అమెరికాలోని 13 సరస్సులు, ఒక్కొక్కటి సుమారు 10 నిమిషములు. కెమేరా కదలదు, నీరును ఆకాశమును తెరను చెరిసగముగా పంచుకొనును. 16 మిల్లీమీటర్ల ఫిల్ము 400 అడుగుల చుట్ట దాదాపు 11 నిమిషములు నడచును గనుక దృశ్యదైర్ఘ్యము ఆ పరిమితికి లోబడినదే. తొలుత ఏమియు జరుగుట లేదని తోచును. పిదప అలల తీరు, వెలుగు మార్పు, దూరపు ధ్వని ఒక్కొక్కటిగా గోచరించును. ఇచట సంఘటన యనగా మన దృష్టి మేలుకొనుటయే.

ఇట్టి చిత్రములకు వ్యాపార ప్రదర్శనశాలలు అనుకూలములు కావు. కావున నిర్మాతలే సమాజములను కల్పించుకొనిరి. బ్రూస్ బెయిలీ 1961లో కాలిఫోర్నియాలోని కాన్యన్ అను చిన్న ఊరిలో తన యింటి పెరటిలోనే ప్రదర్శనల నారంభించెను. తదుపరి అదియే కాన్యన్ సినిమా అను పేర చిత్ర పంపిణీసంస్థగా పరిణమించెను. ఆయన 'ఆల్ మై లైఫ్' (1966) గులాబీలు పూచిన పాత కంచె వెంబడి సాగి ఆకాశమున ముగియు మూడు నిమిషముల ఏకదృశ్యము. అదే సంవత్సరము లండన్‌లో వెలసిన చిత్రనిర్మాతల సహకార సంఘము పంపిణీతోపాటు ప్రదర్శనను, ఫిల్ము ముద్రణను గూడ తన చేతిలోనికి దీసికొనెను.

కావ్యమును ఏకాంతమున చదువుకొనవచ్చును గదా, చిత్రమునకు సమాజ మేల యని ప్రశ్నింపవచ్చును. మన శాస్త్రములందు దృశ్యకావ్య ప్రేక్షకునకు సామాజికుడను పేరు కలదు. అనగా సభయందు కూర్చుండి చూచువాడు. పది నిమిషముల నిశ్చలదృశ్యమున పక్కవాని మౌనమే మన మౌనమునకు ఆధారము. నేడు ఇట్టి చిత్రములు కొన్ని చేతిలోని ఫోనునందును లభించుచున్నవి. కాని వానిని ముందుకు జరుపుకొనుచు చూచుట పద్యమును యతిస్థానములు మాత్రమే ఏరి చదువుట వంటిది. వీనియందు కాలమే కావ్యశరీరము. దానిని కుదించినచో మిగులునది సరస్సు బొమ్మయే గాని చిత్రము గాదు.