మీకు తెలుసా? మట్టి కొలతకు ముందు ఉత్త నీళ్లను కొలవాలి!

గుడివాడ, దివిసీమ పొలాల నల్లమట్టిలో బంకమన్ను ఎక్కువ. బంక రేణువంటే 2 మైక్రాన్ల లోపుది, అంటే మిల్లీమీటరులో ఐదువందో వంతు కూడా ఉండదు.

ఇంత సన్నవాటిని ల్యాబుల్లో నీటిలో కలిపి లేజర్‌తో కొలుస్తారు. రేణువుకు తగిలిన కాంతి ఎంత కోణంలో చెదిరిందో చూసి యంత్రం సైజు లెక్కగడుతుంది. సన్న రేణువైతే కోణం పెద్దది. చిక్కేమిటంటే ఆ నీళ్లు పోసే గాజు పాత్ర మీది వేలిముద్ర, నీటిలోని దుమ్ము కూడా కాంతిని చెదరగొడతాయి. అందుకే మట్టి వేయకముందే ఉత్త నీళ్లను కొలిచి, ఆ సంకేతాన్ని తర్వాతి లెక్కలోంచి తీసేస్తారు. గాలిబుడగలు మాత్రం అంత తేలిగ్గా లొంగవు. కొలత మధ్యలో పుట్టి, ఇసుక రేణువుల్లా నటిస్తాయి! నీటిని ముందే కాచి చల్లారిస్తే వాటి బెడద తగ్గుతుంది.

నానో రేణువులతో ఇంకా కష్టం. 10 నానోమీటర్ల రేణువు కంటే అదే పదార్థపు 50 నానోమీటర్ల రేణువు సుమారు 15 వేల రెట్లు ఎక్కువ కాంతిని చెదరగొడుతుంది. ఒక్క దుమ్ముకణం చాలు, అసలు రేణువులు మరుగున పడిపోవడానికి.

మచిలీపట్నం వైపు ఉప్పు నేలల మట్టితోనైతే మరో మెలిక: ఉప్పు వల్ల బంక రేణువులు గుంపుకట్టి పెద్దవిగా కనిపిస్తాయి. ముందు ఉప్పు కడిగేసి, సోడియం హెక్సామెటాఫాస్ఫేట్‌ అనే రసాయనంతో రేణువులను విడదీశాకే కొలవాలి.